టిష్యూ వాల్వు మూడేళ్ళకే పాడైందంటే మళ్ళీ ఆపరేషన్ తప్పదా?

పది పదిహేనేళ్ళు పనిచేస్తుందన్న టిష్యూ వాల్వు (జంతు కణజాలంతో చేసిన గుండె కవాటం) మూడేళ్ళకే పాడైందన్నారని, మీ నాన్నగారికి మళ్ళీ గుండె ఆపరేషన్ తప్పదా అని అడిగారు. అది ఎందుకు పాడైందో ముందు తేల్చి చెప్పమనండి. మా అమ్మను కాపాడింది ఆ ప్రశ్నే.

మాది కావలి. కీళ్ళవాతపు జ్వరంతో ఎప్పుడో దెబ్బతిన్న మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) తీసేసి, అమ్మకు 58వ ఏట టిష్యూ వాల్వు వేశారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మూడు నెలలు వాడించి ఆపేశారు. రెండేళ్ళు హాయిగా తిరిగింది. ఆ తర్వాత ఒక దిండు చాలక రెండు పెట్టుకుంది. కొన్నాళ్ళకు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. పాదాలు వాచి, పట్టీలు తీస్తే వాటి గొలుసు అచ్చు చర్మం మీద అలాగే నిలిచిపోయేది. గ్యాస్ అని ఒకరిచ్చిన మాత్రలతో నెల పోగొట్టాం. ఆ నెల తలచుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది.

ఆపరేషన్ కొత్తలో తీసిన ఎకోలో (గుండె స్కాన్‌లో) వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడి తేడా సగటున 4 mmHg. ఈసారి 12, అంటే రక్తం వెళ్ళే దారి ఇరుకైంది. వాల్వు అరిగింది, మార్చాలన్నారు. పాత రిపోర్టులన్నీ పట్టుకుని పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళాం. అక్కడ నోటి గుండా అన్నవాహికలోకి గొట్టం దింపి ఎకో తీస్తే, వాల్వు రెక్కల మీద రక్తం గడ్డ కనిపించింది. వార్ఫరిన్ మళ్ళీ మొదలుపెట్టారు. మూడు నెలలకు ఆ తేడా 5కు దిగింది. అమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోయిన మొదటి రాత్రి నేను రెండుసార్లు లేచి చూసుకున్నాను.

మీ నాన్నగారిదీ గడ్డే అని చెప్పలేను. రెక్కలకు కాల్షియం పట్టినా, అవి చిరిగినా మందులకు లొంగదు. చిన్న వయసువారిలో, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో అలా త్వరగా జరుగుతుంది. అప్పుడు మళ్ళీ ఆపరేషన్ చేయాలి. కొందరికి తొడ రక్తనాళం గుండా పాత వాల్వులోనే కొత్తది అమర్చే వీలుంటుంది, అదీ అడగండి.

మూడో కారణం ఇన్‌ఫెక్షన్. ఆయనకు జ్వరం వస్తోందా? వస్తుంటే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేయకండి. ముందు ఆసుపత్రిలో రక్తం కల్చర్‌కు (ఏ క్రిమో తేల్చే పరీక్షకు) ఇవ్వాలి. మాత్ర పడ్డాక తీసిన రక్తంలో క్రిమి దొరక్కపోవచ్చు.

మొదటి ఎకో రిపోర్టు, వాల్వు సైజు రాసిన కార్డు వెంట తీసుకెళ్ళండి. పడుకోలేనంత ఆయాసం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే బయలుదేరండి.