.357 మాగ్నమ్ తన్నుడు, చప్పుడు తగ్గాలంటే మూతికి బ్రేక్ పెట్టించాలా?

అడిగింది ఇది: "మాది నల్గొండ దగ్గర. మా మామ రివాల్వర్ లైసెన్సు మార్చుకుని నా చేతికొచ్చింది. .357 మాగ్నమ్, 4 అంగుళాల బ్యారెల్. పేలిస్తే చెయ్యి పైకి లేస్తోంది, చెవులు గుయ్యిమంటున్నాయి. మూతికి బ్రేక్ పెట్టిస్తే రెండూ తగ్గుతాయా?"

తన్నుడు కొంచెం తగ్గుతది, చప్పుడు పెరుగుతది. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దన్నా.

ఈ తూటాలో గుండు 10 గ్రాములు, దాని వెనక మందు దాదాపు 1 గ్రాము. వెనక్కి తన్నే బలంలో ముప్పావు వంతు గుండు ముందుకు దూకడం వల్ల వచ్చేదే. మిగిలిన పావు వంతు గ్యాసుది. బ్రేక్ అంటే బ్యారెల్ మూతికి బిగించే రంధ్రాల ముక్క, అది ఆ పావు వంతు మీదనే పనిచేస్తది. అది చేసేదల్లా గ్యాసును పైకి, పక్కలకు మళ్లించడం. అంటే ముందుకు పోయే పేలుడు మీ మొహం దిక్కు, రేంజ్‌లో (కాల్పులు నేర్చుకునే చోట) పక్క లేన్‌లో నిలబడ్డాయన చెవి దిక్కు తిరుగుతది. పైగా బ్రేక్‌లో గుండు పోయే రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా గుండు దాని అంచుకు తగులుతది. లేత్ మిషన్ మీద ట్రాక్టర్ పార్టులు చేసే మనిషి దగ్గరికి మాత్రం పోకండి. 1959 ఆయుధాల చట్టం కింద తుపాకుల రిపేరు పని చేసేటోళ్లకు కూడా లైసెన్సు ఉండాలె. సైలెన్సర్ సంగతి అసలే ఎత్తొద్దు, చప్పుడునూ మంటనూ తగ్గించే సామాను నిషేధిత వర్గంలో ఉంది.

నా లెక్కలో మీరు భయపడుతున్నది తన్నుడుకు కాదు, చప్పుడుకు. కాన్పూర్‌లో తయారయ్యే .32 నిర్భీక్ రివాల్వర్ చూడండి. 2014లో వచ్చింది, బరువు 500 గ్రాములే. దాని తన్నుడు మీ మాగ్నమ్‌లో ఐదో వంతు ఉంటే ఎక్కువ. అయినా రేకుల షెడ్డు కింద పేలిస్తే కొత్తోళ్లు దానికీ ఉలిక్కిపడతరు. చెయ్యి నొచ్చి కాదు గద.

అందుకే పని చెవి దగ్గర మొదలుపెట్టాలె. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు చప్పుడు ఒక్కసారికే వినికిడిని చెడగొట్టగలదు, మాగ్నమ్ 160 దాటుతది. మన జిల్లాలో పత్తికి కొదవ లేదు గానీ చెవిలో పత్తి పెట్టుకోవడం దండుగ. ఫోమ్ ప్లగ్ తీసుకుని ముడత లేకుండా సన్నగా చుట్టాలె. రెండో చేతిని తల మీంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి ప్లగ్ లోపలికి నెట్టాలె. అది ఉబ్బేదాకా 20-30 సెకన్లు వేలితో అట్లనే ఒత్తి పట్టాలె. చాలామంది ఇక్కడే చెయ్యి తీసేస్తరు, ప్లగ్ సగం బయటికొస్తది. సరిగ్గా కూర్చుంటే మీ మాట మీకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తది. దాని మీద మఫ్ (చెవిని మొత్తం కప్పే హెడ్‌ఫోన్ లాంటిది) పెట్టండి. రెండూ పెట్టుకుంటే రెండింటి రేటింగులూ (చప్పుడు ఎంత తగ్గిస్తదో చెప్పే అంకెలు) కలవవు, ఎక్కువ రేటింగు దాని మీద ఇంకో 5 డెసిబెల్స్ కలుస్తదంతే. కానీ ఆ 5 విలువైనవి. కళ్లద్దాల కాడ లావుగా ఉంటే మఫ్ దిండు లేచి గాలి సందు పడ్తది. సన్న కాడ అద్దాలు వాడండి.

ఇక పట్టు. పాలమూరులో బండలు కొట్టేటోళ్ల సుత్తె కర్ర చూడండి, అది ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లదే. పిడి కూడా అంతే. రివాల్వర్ వెనక భాగం మోచేతికి నేరుగా రావాలె. పిడి లావైతే వేలు ట్రిగ్గర్‌కు అందక చెయ్యి పక్కకు తిరుగుతది, దెబ్బంతా బొటనవేలి కీలు మీద పడ్తది. సన్నదైతే ట్రిగ్గర్ గార్డు వచ్చి నడిమి వేలి కణుపును కొడుతది. వెనక లోహాన్ని కూడా కప్పే రబ్బరు పిడి, గార్డు వెనక ఖాళీని నింపేది తీసుకోండి. చెయ్యి ఎంత పైన పట్టుకుంటే మూతి అంత తక్కువ లేస్తది, హ్యామర్‌కు (తూటాను పేల్చే వెనక సుత్తికి) మాత్రం అడ్డం రావద్దు. మణికట్టు బిగించి, మోచేతులు కొంచెం వంచి, ఒళ్లు ముందుకు మొగ్గాలె. రెండో చేతి బొటనవేలు సిలిండర్ (తూటాల గదులుండే తిరిగే భాగం) ముందుకు పోనీయకండి. సిలిండర్‌కు, బ్యారెల్‌కు మధ్య ఉండే సన్న సందులోంచి వచ్చే గ్యాసు చర్మాన్ని కోస్తది.

రెండు బాధలనూ ఒకేసారి తగ్గించేది పొడుగు, బరువైన బ్యారెల్. 6 అంగుళాలదైతే మందు చాలావరకు లోపలే కాలుతది, మూతి చెవికి దూరమైతది. 700 గ్రాముల రివాల్వర్‌కూ 1 కిలోదానికీ ఒకే తూటా వాడినా, తేలికదాని తన్నుడు దాదాపు ఒకటిన్నర రెట్లు. జేబులో పడ్తదని తేలికది కొని తర్వాత చెయ్యి నొచ్చుకునేటోళ్లను ఏమనాలె! వేరే దేశాల్లో .357లో తక్కువ బలమున్న .38 స్పెషల్ తూటాలు వేసి నేర్చుకుంటరు. మన దగ్గర లైసెన్సులో రాసిన బోరు (తూటా సైజు) ఏదో చూసుకుని డీలర్‌ను అడగకుండా ఆ పని చేయకండి.

ఉలికిపాటు పోగొట్టే పద్ధతి ఒకటుంది, అది రేంజ్‌లోనే చేయాలె. ఆరు గదుల్లో రెండు అసలు తూటాలు, నాలుగు డమ్మీలు (పేలని ఉత్త తూటాలు) వేరే మనిషితో పెట్టించుకోండి. ఏ గదిలో ఏముందో మీకు తెలియొద్దు. హ్యామర్ డమ్మీ మీద పడి టిక్కుమన్నప్పుడు ముందు గురిముల్లును చూడండి. పేలనే లేదు, మూతి మాత్రం రెండంగుళాలు కిందికి గుంజుకుంటది, కళ్లు మూసుకుపోతయి. అప్పుడు తెలుస్తది, తుపాకి మిమ్మల్ని తన్నకముందే మీరే దాన్ని తన్నుతున్నరని. టిక్కుమన్నా ముల్లు కదలని రోజు తూటాలు పెంచండి. ఒక పూటకు 12 నుంచి 18 మాగ్నమ్‌లు చాలు. చెయ్యి వణికితే అక్కడితో ఆపాలె.

ఇంకొకటి, మామగారి తూటాలు పాతవై ఉంటయి. చెవులు రెండు వరసలు మూసుకుంటే "టుస్" మన్న బలహీనమైన పేలుడు వినిపించకపోవచ్చు, కానీ చేతికి తన్నుడు తక్కువైనట్టు తెలుస్తది. అట్లనిపిస్తే రెండోసారి నొక్కకండి. మూతిని టార్గెట్ దిక్కే ఉంచి కాసేపు ఆగండి. సిలిండర్ తెరిచి తూటాలన్నీ తీసేసినంకనే గుండు బ్యారెల్‌లో ఇరుక్కుందేమో కడ్డీ పెట్టి చూడండి. సిలిండర్ తెరుచుకోకపోతే బలవంతం చేయకుండా రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి.