ఆదివారం సాయంత్రమైతే తలనొప్పి... టీమంతా నీరసం!

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. షిఫ్టు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 వరకు. ఆరు నెలలుగా ఎంత పడుకున్నా అలసట తీరడం లేదు. ఆదివారం సాయంత్రానికి తలనొప్పి, ఊరికే విసుగు. నా టీమ్‌లోని 11 మందిలోనూ మునుపటి హుషారు లేదు. హెచ్‌ఆర్ వాళ్లు ఉదయం 9కి పెట్టిన యోగా క్లాసుకు ఇద్దరే వెళ్లారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: మీరు రాసినవి బర్నౌట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) లక్షణాల్లాగే ఉన్నాయి. కానీ ముందు సీబీపీ (రక్తకణాలు), ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బీ12, హెచ్‌బీఏ1సీ (షుగర్) పరీక్షలు చేయించుకోండి. బీపీ కూడా చూపించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గినా, థైరాయిడ్ మందగించినా అచ్చం ఇలాగే ఉంటుంది. అప్పుడు ఉద్యోగం మారినా నీరసం పోదు.

తలనొప్పికి ఇంకో కారణం ఉండొచ్చు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం దాకా పడుకుంటున్నారా? నిద్ర వేళ మారి, రోజూ తాగే కాఫీ ఆలస్యమైతే చాలు, తల పట్టేస్తుంది. సెలవు రోజైనా లేచే సమయం గంటకు మించి మారనీయకండి. పారాసిటమాల్ నెలలో 15 రోజులు, అంతకుమించి వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. షిఫ్టులో ఆఖరి కాఫీ సాయంత్రం 6 లోపే. రాత్రి భోజనం 8.30కి ఆఫీసులోనే ముగించండి, ఇంటికెళ్లి 12.30కి బిర్యానీ వద్దు. నిద్ర కోసం సొంతంగా అల్ప్రజోలం మాత్రలు కొనుక్కోవద్దు, అలవాటైతే మానడం కష్టం.

బర్నౌట్ ఎక్కువగా ఆఫీసు చుట్టూనే తిరుగుతుంది. డిప్రెషన్ అలా కాదు, పండక్కి ఊరెళ్లినా వెంటే వస్తుంది. రెండు వారాలు దాటి దిగులు వదలకపోయినా, ఇష్టమైన వాటి మీదా మనసు పోకపోయినా సైకియాట్రిస్టును కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆగొద్దు, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక మీ టీమ్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుల్లో కాకుండా ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగా చేర్చింది. అలసట, పని మీద విరక్తి, 'నా వల్ల కావట్లేదు' అనిపించడం... ఈ మూడూ దాని గుర్తులు. మందు కూడా పనిలోనే వెతకాలి. రాత్రి 11 దాకా పనిచేసినవాళ్లకు ఉదయం 9కి యోగా అంటే నిద్ర కోసుకోవడమే. ఆ ఇద్దరు వెళ్లడమే ఎక్కువ!

రాత్రి 11.40కి మీరు 'రేపు చూడొచ్చు' అని మెసేజ్ పెడతారు. అవతలివాళ్లు ఫోన్ చూసి, లేచి ల్యాప్‌టాప్ తెరుస్తారు. టీమ్ లీడ్ నుంచి వచ్చిన మెసేజ్‌లో 'రేపు' అన్న మాట ఎవరికీ కనపడదు. దాన్ని మర్నాడు 2 గంటలకు వెళ్లేలా షెడ్యూల్ చేయండి. షిఫ్టు దాటాక వచ్చే అత్యవసరాలకు వారానికొకరు చొప్పున ఆన్‌కాల్ పెట్టండి, మిగతా పది మంది నోటిఫికేషన్లు ఆపేసుకోవచ్చు. ఇది ఎక్కడ చెడుతుందంటే, బాగా పనిచేసే ఒక్కరికే మళ్లీ మళ్లీ ఫోన్ వెళ్లడం దగ్గర. ఆన్‌కాల్ రాత్రి గంటకు పైగా పనిచేస్తే మర్నాడు ఆలస్యంగా రానివ్వండి.

పని ఎక్కువై, దాని మీద పట్టు మాత్రం లేకపోతే మనిషి త్వరగా కుంగుతాడు. క్లయింట్ గడువు మీ చేతిలో లేకపోవచ్చు. ఏ పని ఎవరు, ఏ వరుసలో చేయాలన్నది వాళ్లనే తేల్చుకోనివ్వండి. రోజూ మధ్యాహ్నం 3 గంటల నుంచి సాయంత్రం 5 గంటల దాకా మీటింగులు పెట్టకండి. రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో 20 నిమిషాలు కూర్చోండి. 'ఎలా ఉన్నావు' అంటే 'బాగున్నాను మేడమ్' అనే వస్తుంది. 'ఈ వారం ఏ పని దండగ అనిపించింది?' అని అడగండి. చెప్పినవాటిలో ఒక్కటైనా ఆ వారంలోనే తీసేయండి, లేదంటే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

పరీక్షలన్నీ మామూలుగా ఉండి, ఆరు వారాలు ఇలా చేసినా అలసట తగ్గకపోతే రిపోర్టులతో ఫిజీషియన్‌ను కలవండి. గురక ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూడాల్సి ఉంటుంది.