మీ ప్రశ్నలు – నా జవాబులు: ట్రౌటన్ డాక్టర్‌గా ఉన్న మూడేళ్లు

పోయిన నెల ఒక పాఠకుడు "మీకు బాగా ఇష్టమైన పాత టీవీ నటుడు ఎవరు?" అని అడిగితే పాట్రిక్ ట్రౌటన్ అని రాశాను. బీబీసీ వాళ్ల 'డాక్టర్ హూ'లో 1966 నుంచి 1969 దాకా రెండో డాక్టర్‌గా నటించారాయన. ఆ ఒక్క పేరు మీద వచ్చిన ఉత్తరాలు చూస్తే ఈ నెల శీర్షిక మొత్తం ఆయనకే ఇవ్వాలనిపించింది. సీరియల్ గురించి అసలు తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: వేరే లోకం నుంచి వచ్చిన ఒక దేశదిమ్మరి, నీలం రంగు పోలీసు టెలిఫోన్ డబ్బాలా కనిపించే 'టార్డిస్' అనే వాహనంలో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరుగుతుంటాడు. అతన్నే డాక్టర్ అంటారు. సీరియల్ 1963 నవంబరు 23న మొదలైంది.

ప్ర: మన సీరియళ్లలో హీరోని మార్చితే "ఇకపై ఈ పాత్రలో..." అని కింద ఒక లైను వేసి వదిలేస్తారు. జనం నాలుగు రోజులు తిట్టుకుని అలవాటు పడిపోతారు. అక్కడ ఎలా ఒప్పుకున్నారు మేడమ్? — డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జ: వాళ్లు ఆ మార్పును దాచలేదు, కథలోకే తెచ్చారు. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతిని ఇక చేయలేని స్థితికి వచ్చారు. సీరియల్‌కి మంచి పేరుంది, ఆపడం ఎవరికీ ఇష్టం లేదు. నిర్మాత ఇన్నెస్ లాయిడ్, కథల ఎడిటర్ జెర్రీ డేవిస్ కలిసి, డాక్టర్ మనిషి కాడు కాబట్టి ఒళ్లు అరిగిపోతే కొత్త ఒళ్లు వస్తుందని తేల్చారు. 1966 అక్టోబరు 29న హార్ట్‌నెల్ నేల మీద పడిపోతే, అదే చోట ట్రౌటన్ ముఖం కనిపించింది.

కానీ అసలు పరీక్ష ఆ తర్వాతి వారం. నవంబరు 5న మొదలైన 'ద పవర్ ఆఫ్ ద డాలెక్స్' మొదటి ఎపిసోడ్ వింటుంటే (చూస్తుంటే అనలేను, ఎందుకో కింద చెబుతాను) వాళ్ల ధైర్యానికి ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. కొత్తాయన ప్రేక్షకుణ్ణి బుజ్జగించడు. పాత డాక్టర్ ఉంగరం పెట్టుకోబోతే అది వేలికి వదులై జారిపోతుంది. "డాక్టర్ డైరీ రాసేవాడు కదా" అంటూ తన గురించే వేరేవాళ్ల సంగతి చెప్పినట్టు మాట్లాడతాడు. తోడున్న ఇద్దరిలో పాలీ నమ్ముతుంది, బెన్ నమ్మడు. ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడు కూడా బెన్ పక్షానే ఉంటాడు. చివరికి ఆ అనుమానం తీర్చేది ఎవరనుకున్నారు? డాలెక్. లోహపు కవచంలో తిరిగే జీవి, డాక్టర్‌కి పాత శత్రువు. ముఖం మారినా అతన్ని అది గుర్తుపడుతుంది. స్నేహితుడు అనుమానించిన చోట శత్రువుతో సాక్ష్యం చెప్పించడం చాలా గొప్ప ఆలోచన. ఆ డాలెక్ అందరి ముందూ "నేను మీ సేవకుణ్ణి" అని పదే పదే అంటుంటే, అది అబద్ధమని తెలిసినవాడు ఒక్క డాక్టరే. అతని మాట ఎవరూ వినరు. ఆరు ఎపిసోడ్లూ ఆ టెన్షన్ మీదే నడుస్తాయి.

ప్ర: నలభై ఏళ్లుగా నాటకాలు వేస్తున్నవాణ్ణి. ట్రౌటన్ నటనలో అంత ప్రత్యేకత ఏముందో నటుడికి అర్థమయ్యేలా చెప్పండి. — రంగస్థల కళాకారుడు, తెనాలి

జ: హార్ట్‌నెల్ గదిలోకి వస్తే అందరూ ఆయన వైపు తిరిగేవారు. ట్రౌటన్ దానికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. వదులు కోటు, గళ్ల ప్యాంటు, నలిగిన బో టై, నుదుటి మీద పడే జుట్టు, చేతిలో రికార్డర్ అనే చెక్క వేణువు. ఎవరో అమాయకుడు దారి తప్పి వచ్చాడనుకుని శత్రువు మాట్లాడుతూ పోతాడు. ఈయన గోడ పక్కన నిలబడి, వేళ్లు నలుపుకుంటూ, అన్నీ చూస్తుంటాడు. భయపడితే నిజంగా భయపడతాడు, పరిగెత్తాల్సి వస్తే అందరికంటే ముందు పరిగెత్తుతాడు. ఎదుటివాడు తక్కువ అంచనా వేసిన క్షణంలో ఆట ముగించేస్తాడు.

మీరు నటులు కాబట్టి రెండు చూడమంటాను. ఒకటి, 1967 నాటి 'ద టూంబ్ ఆఫ్ ద సైబర్‌మెన్'. విక్టోరియా అనే అమ్మాయి అప్పుడే తండ్రిని పోగొట్టుకుంది. అందరూ నిద్రపోతుంటే డాక్టర్ ఆమె పక్కన కూర్చుంటాడు. తనవాళ్లు తన మనసులో నిద్రపోతుంటారని, కావాలనుకున్నప్పుడు పిలుచుకుంటానని, మిగతా సమయం మరిచిపోతానని చెబుతాడు. గొంతు ఎక్కడా పెంచడు, కన్నీళ్లు పెట్టడు. ఆ పాత్ర వయసు నాలుగు వందల యాభై ఏళ్లని మనం నమ్మేది అక్కడే. (ఇదే కథలో నల్లజాతి మనిషిని కండలే తప్ప మాట లేని నౌకరుగా చూపించారు. అది నాకు నచ్చదు, చూసేవాళ్లకు ముందే చెప్పడం మంచిది.)

రెండోది 'ది ఎనిమీ ఆఫ్ ద వరల్డ్'. ఇందులో ట్రౌటన్ ద్విపాత్రాభినయం: ఒకరు డాక్టర్, ఇంకొకరు సాలమాండర్ అనే నియంత. మేకప్ తేడా పెద్దగా లేదు. నడక, మెడ నిలబెట్టే తీరు, కళ్లు తిప్పే వేగం మార్చారు. డాక్టరే సాలమాండర్‌లా నటించాల్సిన సన్నివేశాలు కూడా ఉన్నాయి. అక్కడ పై పొర కింద భయపడుతున్న డాక్టర్ మనకు కనిపిస్తూనే ఉంటాడు.

కొత్త డాక్టర్లలో మ్యాట్ స్మిత్ తన బో టైకి స్ఫూర్తి ఈ 'టూంబ్' చూశాకే దొరికిందని చెప్పాడు. ఒకరి వేషం నలభై ఏళ్ల తర్వాత ఇంకొకరికి పనికొచ్చిందంటే ఆ పాత్ర ఎంత గట్టిగా కట్టారో మీకే తెలుస్తుంది.

ప్ర: ఆయన ఎపిసోడ్లు సగం దాకా పోయాయట. బీబీసీ అంత పెద్ద సంస్థ, అంత నిర్లక్ష్యమా? — బ్యాంకు ఉద్యోగిని, ఖమ్మం

జ: ట్రౌటన్ చేసినవి 119 ఎపిసోడ్లు. అందులో 53 ఇప్పటికీ దొరకలేదు. ఉద్యోగమంతా టేపుల గదిలో గడిపినదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు వేరే రకంగా తగులుతుంది.

ఆ రోజుల్లో రికార్డింగ్ రెండంగుళాల వెడల్పు వీడియో టేపు మీద జరిగేది. అది బాగా ఖరీదు. ప్రసారం అయ్యాక చెరిపి మళ్లీ వాడటం మామూలు పద్ధతి, ఎవరూ దాన్ని తప్పుగా చూడలేదు. నటీనటుల ఒప్పందాల ప్రకారం పాతవాటిని ఇష్టమొచ్చినన్నిసార్లు మళ్లీ వేయడానికి వీల్లేదు. ఇళ్లలో చూసుకునే క్యాసెట్లు ఇంకా రాలేదు. పైగా 1969 చివర్లో బీబీసీ ప్రధాన చానల్‌కి రంగులు వచ్చాయి. ఇక నలుపు తెలుపువి ఎవరు కొంటారు అనుకున్నారు. విదేశాలకు అమ్మడానికి తీసిన 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ కాపీలు మరో విభాగం దగ్గర ఉండేవి. హక్కుల గడువు తీరాక వాటినీ పారేశారు. ఒక విభాగం "అసలు టేపు వాళ్ల దగ్గర ఉంది" అనుకుంటే, ఇంకో విభాగం "కాపీ వీళ్ల దగ్గర ఉంది" అనుకుంది. 1978లో గానీ ఈ పని ఆగలేదు. చెరిపిన చేతుల మీద నాకు కోపం లేదు. షెల్ఫులో చోటు లేదని పై నుంచి కాగితం వస్తే కింద పనిచేసేవాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. దేన్ని ఉంచాలో చూసుకునే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడమే అసలు నేరం.

ఇప్పుడు మంచి కబురు. పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం ఉంది! అప్పటి పిల్లలు కొందరు టీవీ స్పీకరు ముందు మైకు పెట్టి టేపు రికార్డర్లలో పట్టుకున్నారు. ఇంట్లో ఎవరైనా దగ్గితే ఆ దగ్గు కూడా పడే పద్ధతి అది. అలా ఇంటి రికార్డర్లలో మిగిలినవాటినే శుభ్రం చేసి విడుదల చేశారు. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ టీవీ తెర మీద బొమ్మను ఫొటోలు తీసి నటులకు, దర్శకులకు అమ్మేవారు. ఆ ఫొటోల వల్లే పోయిన చాలా కథల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలుస్తోంది. మరో సంగతి వింటే మీరు నమ్మరు. ఆస్ట్రేలియా సెన్సారు వాళ్లు పిల్లలు భయపడతారని కొన్ని ముక్కలు కత్తిరించి, దాచిపెట్టారు. అవి 1996లో అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో బయటపడ్డాయి. 'ఫ్యూరీ ఫ్రమ్ ద డీప్' ఆరు ఎపిసోడ్లూ పోయాయి గానీ, ఇద్దరు మనుషులు నోరు తెరిచి విషవాయువు ఊదే భయంకరమైన ముక్క మాత్రం మిగిలింది. చూడకూడదని కోసేసిందే ఇప్పుడు మనం చూడగలుగుతున్నాం.

అయినా నా బాధ తీరదు. మిగతా నటుల సంగతి వేరు. ట్రౌటన్ సగం నటన కళ్లలో, చేతుల్లో ఉంది. ఆయన మౌనంగా ఉన్నప్పుడు శబ్దం టేపులో ఏమీ వినపడదు. 'పవర్ ఆఫ్ ద డాలెక్స్' వింటున్నప్పుడు మధ్యలో నిశ్శబ్దం వస్తే, అక్కడ ఆయన ఏదో చేస్తున్నారని తెలుస్తుంది, ఏం చేస్తున్నారో తెలియదు. 2016లో ఆ శబ్దానికి యానిమేషన్ జోడించారు. కథ అర్థం కావడానికి అది బాగా సాయపడుతుంది. ఆ ముఖం మాత్రం బొమ్మ గీసేవాళ్లు ఊహించిన ముఖమే.

ప్ర: పాత సినిమా ప్రింట్లు సేకరిస్తుంటాను. ఆ రీళ్లు మన దేశంలో ఎక్కడైనా దొరికే అవకాశం ఉందా? — హైదరాబాద్

జ: ఆశ తక్కువ. ట్రౌటన్ తెర మీద ఉన్న రోజుల్లో మన దేశం మొత్తంలో టీవీ ప్రసారాలు ఢిల్లీలోనే. హైదరాబాద్‌కి దూరదర్శన్ వచ్చింది 1977లో. దొరికినవన్నీ వేరే చోట్ల దొరికాయి. 'టూంబ్' నాలుగు ఎపిసోడ్లూ హాంకాంగ్ నుంచి తిరిగొచ్చి 1992లో వీడియోగా వచ్చాయి. ఫిలిప్ మోరిస్ అనే ఆయన నైజీరియాలో వెతికి తెచ్చిన తొమ్మిది ఎపిసోడ్ల సంగతి 2013 అక్టోబరులో ప్రకటించారు. వాటితో 'ఎనిమీ ఆఫ్ ద వరల్డ్' పూర్తయింది. 'ద వెబ్ ఆఫ్ ఫియర్' మూడో ఎపిసోడ్ తప్ప మిగతావి చేరాయి.

మీరు సేకరించేవారు కాబట్టి తెలిసే ఉంటుంది, మన మొదటి తెలుగు టాకీ 1932 నాటి 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఈ రోజు లేదు. దానికి ఇంట్లో శబ్దం పట్టుకున్న పిల్లలు కూడా లేరు. దయచేసి మీ దగ్గరున్న డబ్బాల మీద పేర్లు రాసి పెట్టండి. పేరు లేని డబ్బానే ముందు పారేస్తారు.

ఇంకో సంగతి, మన దేశంతో ఈ సీరియల్‌కి మొదటి రోజు నుంచే బంధం ఉంది. 1963లో మొట్టమొదటి కథకు దర్శకత్వం వహించిన వారిస్ హుస్సేన్ పుట్టింది లక్నోలో.

ప్ర: మా బాబుకి తొమ్మిదేళ్లు. నలుపు తెలుపు అంటేనే మొహం తిప్పేసుకుంటాడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు అక్కా? — డాలస్, అమెరికా

జ: 'ద మైండ్ రాబర్'తో మొదలుపెట్టమ్మా. 1968లో వచ్చిన అయిదు ఎపిసోడ్ల కథ, అన్నీ ఉన్నాయి, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు అటూ ఇటూ. డాక్టర్, అతని స్నేహితులు జేమీ, జోయీ కల్పిత కథల లోకంలో చిక్కుకుంటారు. గలివర్ ఎదురవుతాడు, రాపున్జెల్ కిటికీలోంచి జడ వేస్తుంది, బొమ్మ సైనికులు తరుముతారు.

బాబుకి చెప్పడానికి ఒక మంచి సంగతి ఉంది. షూటింగ్ మధ్యలో జేమీగా నటించే ఫ్రేజర్ హైన్స్‌కి ఆటలమ్మ పోసింది. అప్పట్లో వారానికో ఎపిసోడ్, ఆగే వీలు లేదు. అందుకని జేమీ ముఖం చెరిగిపోయినట్టు, డాక్టర్ కళ్లు, ముక్కు, నోరు ముక్కలు ఏరి మళ్లీ అతికించాలన్నట్టు రాశారు. డాక్టర్ తప్పు ముక్కలు పెడతాడు, దాంతో జేమీ వేరే నటుడి ముఖంతో లేస్తాడు! ఫ్రేజర్ కోలుకుని వచ్చాక డాక్టర్ రెండోసారి సరిగ్గా అతికిస్తాడు. ఇది తెలిశాక చూస్తే పిల్లలకు భలే సరదాగా ఉంటుంది.

అది నచ్చితే 'టూంబ్'. 'వెబ్ ఆఫ్ ఫియర్' రాత్రిపూట వద్దు, లండన్ భూగర్భ రైలు సొరంగాల్లో యెటీలనే ఒళ్లంతా బొచ్చున్న భూతాలు తిరుగుతుంటాయి, పెద్దవాళ్లకే గుండె దడ.

ప్ర: అంత పేరొస్తే మూడేళ్లకే ఎందుకు మానేశారు? — విశాఖపట్నం

జ: అలసట. ఏడాదికి నలభై ఎపిసోడ్లకు పైమాటే. ఒకటి రికార్డు చేస్తూనే తర్వాతిదానికి రిహార్సల్. ఆయన వెళ్లిపోవడానికి రాసిన 'ద వార్ గేమ్స్' పది ఎపిసోడ్ల కథ, 1969 జూన్ 21న ముగిసింది. డాక్టర్ ఎవరి నుంచి పారిపోయి వచ్చాడో ఆరేళ్ల తర్వాత మొదటిసారి అందులోనే చెప్పారు. సొంత జాతివాళ్లు, టైమ్ లార్డ్స్, అతన్ని విచారించి భూమికి బహిష్కరిస్తారు, రూపం మార్చేస్తారు. జేమీ, జోయీలకు అతనితో తిరిగిన రోజులు గుర్తులేకుండా చేస్తారు. జోయీ ఏదో మరిచిపోయినట్టు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, నాకు ఈ సీరియల్ మొత్తంలో అంత బాధ పెట్టిన చోటు ఇంకోటి లేదు. 2024 డిసెంబరులో రంగులద్ది గంటన్నరకు కుదించి వేశారు. ఓపిక ఉంటే పది ఎపిసోడ్లూ చూడండి, ఆ ముగింపు బరువు అప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత మూడుసార్లు అతిథిగా వచ్చారు. అయిదో డాక్టర్‌గా వచ్చిన పీటర్ డేవిసన్‌కి "మూడేళ్లకు మించి చేయకు" అని సలహా ఇచ్చింది కూడా ఆయనే. ఇంటర్వ్యూలు ఇవ్వడం ఇష్టపడేవారు కాదు. 1987 మార్చి 28న అమెరికాలోని కొలంబస్‌లో అభిమానుల సభకు వెళ్లి, అక్కడే గుండెపోటుతో పోయారు. అంతకు మూడు రోజుల ముందే 67 నిండాయి.

ప్ర: హ్యారీ పాటర్ సినిమాల్లో డడ్లీగా వేసినబ్బాయి ఈయన మనవడని మా అమ్మాయి పందెం కాసింది. నిజమేనా? — నిజామాబాద్

జ: నిజమే. హ్యారీ మెల్లింగ్, ట్రౌటన్ గారి కూతురి కొడుకు. తాత పోయిన రెండేళ్లకు పుట్టాడు. ట్రౌటన్ కొడుకు డేవిడ్ కూడా నటుడే, 'వార్ గేమ్స్'లో సైనికుడిగా చిన్న వేషంలో కనిపిస్తాడు. పందెం డబ్బులు అమ్మాయికి ఇచ్చేయండి.