ఆదివారం సాయంత్రాల గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన మీ మామ్మ పొలం అమ్మిన కథ కాగితాలు అందాయి. బ్యాంకు ఉద్యోగం కోసం శ్రీకాకుళం జిల్లా నుంచి తెనాలి వచ్చిన నీకు, అక్కడ ప్రతి ఆదివారం సాయంత్రం ఒక పాఠశాల గదిలో కూర్చుని తాము రాసినవి ఒకరికొకరు చదివి వినిపించుకునే కొద్దిమంది పరిచయమయ్యారని, నిన్ను కూడా రమ్మని పిలుస్తున్నారని, వెళ్ళాలో వద్దో తేల్చుకోలేకపోతున్నావని రాశావు. తప్పకుండా వెళ్ళు. నీ కథ వినిపించాలన్న ఆత్రాన్ని మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టి, ముందు వాళ్ళ కథలు వినడానికని వెళ్ళు. ఇలాంటి కూటముల్లో ఎక్కువగా బాగుపడేది చదివినవాళ్ళ కంటే శ్రద్ధగా విన్నవాళ్ళేనని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఆ ఒక్క సంగతే.

నువ్వు ఉంటున్న ఊరికి ఇది కొత్త కాదు. తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి సభాపతిగా సాహితీ సమితి రూపుదిద్దుకున్నది తెనాలిలోనే. భావకవిత్వ కాలపు కవులూ కథకులూ ఎందరో అందులో సభ్యులు. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తాపీ ధర్మారావు అధ్యక్షతన తొలి మహాసభ జరుపుకున్నదీ అక్కడే. మా విశాఖపట్నంలో కవితాసమితి ఉండేది. శ్రీశ్రీ తొలి కవితా సంపుటిని 1928లో అచ్చు వేసింది ఆ సమితే. వాటికి పత్రికలో, సిద్ధాంతాలో, ఉద్యమాలో ఉన్నాయి. నువ్వు వర్ణించిన బృందానికి అవేవీ లేవు. రిటైరైన తెలుగు మాస్టారు, హోమియో వైద్యుడు, డిగ్రీ చదువుతున్న కుర్రవాడు, చీరల దుకాణంలో లెక్కలు చూసే ఆవిడ, ఇలా పేరు కోసం గానీ పదవి కోసం గానీ రానివాళ్ళు అక్కడ చేరుతున్నారు. దాన్ని తక్కువగా చూడవద్దు. నిన్న రాసిన, ఇంకా తడి ఆరని పేజీని ఎదుటివాళ్ళ ముందు పెట్టడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

మన సాహిత్య జీవితంలో సభకు ఉన్న చోటు చాలా పెద్దది. పుస్తకావిష్కరణలో, కవి సమ్మేళనంలో వేదిక ఉంటుంది, ముఖ్య అతిథి ఉంటారు, శాలువాలు ఉంటాయి. అక్కడ రచన గురించి నిజం చెప్పడం అమర్యాద అవుతుంది, చెప్పకపోవడాన్ని నేనూ తప్పుపట్టను. వారం వారం కలిసే బృందంలో ఆ మొహమాటం నిలవదు. నెలకోసారి కలిస్తే ప్రతి ఒక్కరూ పూర్తయిన రచననే తేవాలనుకుంటారు, మెల్లగా అదీ ఒక చిన్న సభగా మారిపోతుంది. ఏడు రోజులకే మళ్ళీ కలవాలి గనుక సగం రాసినవి, ఎటూ తేలనివి, ఎక్కడో ఆగిపోయినవి బయటికి వస్తాయి. సగంలో ఉన్న రచన దగ్గరే సలహా పనిచేస్తుంది. అచ్చయ్యాక చెప్పేది అభిప్రాయమే.

మొదటి రెండు మూడు వారాలు ఏమీ తీసుకెళ్ళకు. ఒక నోటుబుక్కు మాత్రం పట్టుకెళ్ళి, ఎవరైనా చదువుతున్నప్పుడు నీ మనసు ఎక్కడ తప్పిపోయిందో ఆ మాట దగ్గర గుర్తు పెట్టుకో. అది నీ పరధ్యానం కావచ్చు, రచనలోని లోపమూ కావచ్చు. అదే చోట పక్కవాళ్ళు కూడా తప్పిపోయారని తర్వాత తెలిస్తే లోపమేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. తెలుగు వాక్యం క్రియ కోసం చివరిదాకా ఎదురుచూపిస్తుంది. 'వచ్చి, చూసి, కూర్చుని, తలెత్తి' అంటూ అసమాపక క్రియలు వరసగా పేర్చుకుంటూ పోతే కాగితం మీద కన్ను వెనక్కి వెళ్ళి వెతుక్కోగలదు గానీ చెవికి ఆ వీలు లేదు. కర్తను చెప్పకుండా వదిలేసే సౌకర్యం కూడా మన భాషకు ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకునే సన్నివేశంలో నాలుగు వాక్యాలు దాటేసరికి 'అంది' అన్న ప్రతిచోటా ఎవరు అన్నారన్న సందేహం వస్తుంది. ఇవి ఇతరుల రచనల్లో విని పట్టుకోవడం తేలిక. అలా పట్టుకోవడం అలవాటయ్యాక నీ వాక్యాల్లోనూ అవి వినబడడం మొదలవుతుంది.

ఇంకా లోతైన విషయం ఒకటి ఉంది, దీని మీద కాస్త నిలబడి ఆలోచించు. కథ చెప్పే గొంతు ఇంటి యజమానిని 'ఆయన' అని, పాలేరును 'వాడు' అని, ఒక స్త్రీని 'ఆవిడ' అని, ఇంకొక స్త్రీని 'అది' అని అంటుంది. పాత్రలు అలా మాట్లాడుకోవచ్చు, లోకంలో మాట్లాడుకుంటున్నారు కూడా. కథకురాలు తన సొంత గొంతుతో అలా అన్నప్పుడు ఎవరి పక్కన నిలబడి కథ చెబుతోందో ఆ సర్వనామమే బయటపెడుతుంది. ఒంటరిగా రాసుకుంటున్నప్పుడు ఇది మన కంటికి ఆనదు, ఎందుకంటే ఇంట్లో చిన్నప్పటి నుంచి విన్న పిలుపులే చేతిలోకి వస్తాయి. వేరే ఇళ్ళలో, వేరే వాడల్లో, వేరే కులాల్లో పెరిగిన పదిమంది మధ్య ఆ మాటను పైకి చదివినప్పుడు గదిలో ఎవరో ఒకరికి అది గుచ్చుకుంటుంది. వాళ్ళు ఆ మాట చెప్పగలిగేంత స్నేహం ఆ గదిలో ఉందంటే, ఆ బృందం ఎన్ని గ్రంథాలకైనా సాటి వస్తుంది.

ఇక నీ భయం గురించి. 'మా ఊరి మాట వింటే నవ్వుతారేమో' అన్నావు. రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు ఉత్తరాంధ్ర పలుకును తెలుగు కథలో ఎంత గట్టిగా నిలబెట్టారంటే, కృష్ణాజిల్లాలోనైనా తెలంగాణలోనైనా కథలు చదివేవారికి ఆ పలుకు పరాయిది కాదు. అయినా మొదటిసారి 'నానెల్లను' అని చదివినప్పుడు ఎవరో ఒకరు నవ్వే అవకాశం లేకపోలేదు; మాస్టారు 'నేను వెళ్ళను' అని దిద్దబోవచ్చు. మర్యాదగానే వద్దని చెప్పు. మీ మామ్మ అలాగే మాట్లాడుతుంది గనుక కథలోనూ అలాగే మాట్లాడుతుంది. కానీ 'చోడి అంబలి' దగ్గర ఎవరైనా ఆగి అదేమిటని అడిగితే మాత్రం చిన్నబుచ్చుకోకు. రాగులను చోళ్ళు అంటామని ఆ ప్రాంతంలో అందరికీ తెలియకపోవచ్చు. అలాగని కుండలీకరణంలో అర్థం రాయనక్కర లేదు, అట్టడుగున పట్టికా చేర్చనక్కర లేదు. రాత్రంతా పులిసిన ఆ పిండిని తెల్లవారుజామున మామ్మ మరిగే నీళ్ళలో కలియబెట్టడం, ఆ అంబలిని పొలానికి పట్టుకెళ్ళడం నీ కథలో ఉంటే తెనాలి పాఠకురాలికి అదే చాలు. ఏ మాట సందర్భం వల్ల తెలిసిపోతోందో, ఏ మాట తెలియక మొత్తం సన్నివేశమే మూతపడుతోందో చెప్పగలిగినవాళ్ళు నీ ప్రాంతం కానివాళ్ళే. శ్రీకాకుళంలోనే ఉండిపోయి ఉంటే నీకు ఈ శ్రోతలు దొరికేవారు కాదు.

చదివే రోజు వచ్చినప్పుడు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. పదిహేను వందల మాటల కథను తొందర లేకుండా చదవడానికి సుమారు పావుగంట పడుతుంది. అంతకు మించితే మొదటిసారికి వద్దు. వరసల మధ్య ఖాళీ, పక్కన వెడల్పైన అంచు వదిలి ప్రతులు తీయించి అందరికీ ఇవ్వు. అక్షరదోషాలు, విరామచిహ్నాలు ఆ కాగితాల మీదే గుర్తించి నీకు తిరిగి ఇచ్చెయ్యమని అడుగు, లేకపోతే చర్చాసమయం మొత్తం ఒత్తుల మీద, పొల్లుల మీద ఖర్చయిపోతుంది. కథ ఎందుకు రాశావో, అందులో ఎంత నిజమో ముందుగా చెప్పకు. పాఠకుడు పత్రిక తెరిచినప్పుడు నువ్వు పక్కన ఉండవు గదా. నటించకుండా, గొంతు పెంచకుండా చదువు. గొంతు బాగున్నవాళ్ళు పేలవమైన పేరాను కూడా గట్టెక్కించగలరు, దానివల్ల నష్టపోయేది వాళ్ళే.

రచన మీద మాట్లాడుతున్నంతసేపూ రచయిత నోరు విప్పకూడదన్న పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936లో మొదలుపెట్టిన రచనా శిక్షణ ద్వారా అది లోకమంతా పాకింది. తన సమాజం తెలియనివాళ్ళ మధ్య కూర్చున్న రచయితకు ఆ మౌనం భారమవుతుందన్న విమర్శ కూడా దాని మీద బలంగానే ఉంది, ఆ విమర్శలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. అందుచేత నీకు మధ్యేమార్గం చెబుతాను: అందరూ మాట్లాడడం పూర్తయ్యేదాకా ఏమీ అనకుండా రాసుకో; ఆ తర్వాత రెండు ప్రశ్నలు నువ్వే అడుగు. 'మామ్మ పొలం ఎందుకు అమ్మిందనుకున్నారు?' అన్నలాంటి ప్రశ్న అడిగితే, నువ్వు రాశాననుకున్నది కాగితం మీద ఉందో లేదో అప్పుడే తేలిపోతుంది. సమర్థించుకోవడం మొదలుపెడితే వాళ్ళు మర్యాదకు ఒప్పేసుకుంటారు, వచ్చేసారి నిజం చెప్పడానికి వెనకాడతారు.

చెప్పినవన్నీ పాటించనక్కర లేదు. ముగ్గురు ఒకే చోట ఆగారంటే అక్కడ ఏదో ఉందని నమ్ము. వాళ్ళు చెప్పే మందు మాత్రం చాలాసార్లు వాళ్ళు రాసే కథకు సరిపోయేదై ఉంటుంది. ఒకరు ముగింపు మార్చమంటారు, ఒకరు కొడుకుకు బుద్ధి రావాలంటారు, మరొకరికి మామ్మ తిరగబడితే బాగుంటుంది. వారం పాటు కథను ముట్టుకోకుండా ఉండి, ఆ తర్వాత ఆ చోటు ఒక్కటీ తెరిచి చూడు. అసలు చిక్కు తరచుగా వాళ్ళు చూపించిన చోటికి ఒకటి రెండు పేజీల ముందు ఉంటుంది. తిరగరాశాక మళ్ళీ వాళ్ళకే చదివితే పాత కథ గుర్తుండి ఖాళీలను వాళ్ళే పూరించుకుంటారు గనుక, మొదటి ప్రతి వినిపించకుండా ఒక్కరినైనా అట్టిపెట్టుకో.

నువ్వు మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. 'బాగుంది' అని ఊరుకోవడం దయలా కనిపిస్తుంది గానీ, ఏడు రోజులు కష్టపడి రాసి తెచ్చినవాళ్ళకు అంతకంటే నిరాశ ఉండదు. నీకు ఏం కనిపించిందో మొదట చెప్పు: ఈ కథలో నాకు తండ్రి కోపం కంటే అతని భయం కనిపించింది, ఫలానా వాక్యం దగ్గర కనిపించింది అని వేలు పెట్టి చూపించు. తరువాత నీకు తెగని ప్రశ్న అడుగు. నువ్వైతే ఎలా రాసేదానివో మాత్రం చెప్పకు. పద్యం రాసేవారు వస్తే, నీకు ఛందస్సు రాదని తప్పుకోకు. ఏ పాదం దగ్గర ఊపిరి అందిందో, ఎక్కడ గణం కోసమే ఒక మాట చేరినట్టు అనిపించిందో చెవి చెబుతుంది.

ఆ బృందం అప్పుడప్పుడు ఒక వస్తువునో వాక్యాన్నో ఇచ్చి పది నిమిషాల్లో రాయమంటుందని, అది చిన్నపిల్లల ఆటలా ఉందని రాశావు. నేను అలా అనుకోవడం లేదు. అడిగిన పద్యాన్ని అప్పటికప్పుడు చెప్పే అవధానంలో, ప్రశ్నలు వేసే పృచ్ఛకుడు పూరించమని ఒక పాదాన్ని సమస్యగా ఇస్తాడు, దత్తపదిలో నాలుగు మాటలు ఇచ్చి వాటితోనే పద్యం చెప్పమంటాడు, నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతాడు. ఇచ్చిన హద్దులో నుంచి కల్పనను రప్పించడం మన విద్యే. అలా రాసినవి కథలు కాకపోవచ్చు గానీ, రాయడానికి మనఃస్థితి కుదరాలన్న సాకును అవి తీసేస్తాయి.

రెండు హెచ్చరికలు కూడా చెప్పాలి. ఆ గదిలో విన్న ఇంటి సంగతులు బయట మాట్లాడకు. తెనాలి పెద్ద ఊరే అయినా కథలో మారుపేరుతో ఉన్న మనిషిని గుర్తుపట్టేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారు. రెండోది, కొంతకాలానికి ఆ పదిమందికీ ఏది నచ్చుతుందో నీకు తెలిసిపోతుంది, తెలియకుండానే అదే రాయడం మొదలుపెడతావు. అలా జరుగుతోందని అనిపిస్తే వాళ్ళకు నచ్చదని నీకు ఖాయంగా తెలిసిన రచన ఒకటి పట్టుకెళ్ళు. బృందాన్ని మాత్రం మానవద్దు. రాయలేని నెలలు వస్తాయి, బ్యాంకులో సంవత్సరాంతపు లెక్కలు వస్తాయి. ఆ ఆదివారాల్లో ఖాళీ చేతులతోనైనా వెళ్ళి కూర్చో. చదవడానికి ఏమీ లేనివాళ్ళు వచ్చి వింటేనే, చదవడానికి ఉన్నవాళ్ళకు శ్రోతలుంటారు.

పొలం కథ మొత్తం ఇప్పుడే వద్దు. నెల గడిచాక, మామ్మ రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చున్న భాగాన్ని మాత్రం ప్రతులు తీయించి పట్టుకెళ్ళు. నాకు పంపిన కాగితాల్లో అన్నిటికంటే బలమైనది అదే. ఎవరెవరు ఎక్కడ ఆగారో నాకు రాయి. ఆ రోజు మిగిలినవాళ్ళు ఏమేం చదివారో, వాటిలో నీకు ఏది గుర్తుండిపోయిందో కూడా రాయి.

ఆశీస్సులతో.