గొట్టపు పురుగుల మీద ప్రాజెక్టు మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి హారికకు,

మామయ్య ఆశీస్సులు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు గొట్టాల్లో ఉండే పాలీకీట్లను, అంటే ఒంటి మీద బిరుసు వెంట్రుకలుండే సముద్రపు పురుగులను, తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు ల్యాబులో ఉన్న ఫార్మలిన్ సీసాలతో మొదలుపెట్టమన్నారట కదా. ఆ పనీ చెయ్యి, వద్దనను. కాకపోతే అంతకంటే ముందు కొన్నాళ్లు బతికున్న పురుగును కూర్చుని చూడు. సీసాలో ఉండేది ముడుచుకుపోయిన కిరీటం (తల మీది ఈకల్లాంటి కిరణాల గుత్తి), గొట్టం నోరు మూసే ఒక మూత, కాసిని శూకాలు (ఆ బిరుసు వెంట్రుకలే). జాతి ఏదో తేల్చడానికి అవి సరిపోతాయి. అది ఎలా తింటుందో రాయాలంటే మాత్రం నీళ్లు కదులుతూ ఉండాలి, పురుగు బతికి ఉండాలి.

నువ్వు ఉండేది విశాఖలో కాబట్టి హైడ్రాయిడిస్ ఎలిగన్స్‌తో మొదలుపెట్టు. పడవల అడుగున, జెట్టీ స్తంభాల మీద తెల్లటి సున్నపు గొట్టాలు మెలికలు తిరిగి అల్లుకుపోయి ఉంటాయి చూడు, వాటిలో ఎక్కువ భాగం ఇదే. పెద్ద రేవులన్నిటికీ ఓడల వెంట వెళ్లి చేరిన జీవి. దీన్ని మొదట వర్ణించింది సిడ్నీ రేవు నుంచి, 1883లో, హాస్వెల్ అనే జంతుశాస్త్రవేత్త. మన రేవులో ఇలాంటి జీవుల గురించి ఆంధ్రా యూనివర్సిటీలో పి.ఎన్. గణపతిగారు, ఆయన సహచరులు 1958లోనే పేపరు వేశారు. లైబ్రరీలో అడిగి తీసి చదువు. పాత భారతీయ పేపర్లలో హైడ్రాయిడిస్ నార్వెజికా అని కనిపిస్తే కంగారు పడకు. వెచ్చని రేవుల్లోని పురుగు వేరు, ఉత్తర సముద్రాల నార్వెజికా వేరు అని 1971లో జిబ్రోవియస్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. అంతకు ముందు రెండింటినీ ఒకే పేరుతో రాసేవారు.

గొట్టాలను స్తంభాల మీంచి చాకుతో గీకి తేవద్దు. గీకితే గొట్టం పగులుతుంది, పురుగు దెబ్బతింటుంది. అరచేయంత యాక్రిలిక్ పలకలకు కన్నాలు పెట్టి, నైలాన్ తాడుతో జెట్టీ నుంచి మీటరు లోతులో వేలాడదియ్యి. అడుగున బురద తగలకూడదు. మన నీళ్ల వెచ్చదనానికి మూడు నాలుగు వారాల్లో పెద్ద పురుగులే దొరుకుతాయి. పలకను అలాగే బకెట్లో పెట్టుకుని, తడిగుడ్డ కప్పి ల్యాబుకు తెచ్చుకోవచ్చు. అక్టోబరు, నవంబరు వానల్లో ఉప్పదనం పడిపోతుంది, తెచ్చిన ప్రతిసారీ కొలిచి రాసుకో.

ఇక చూడటం. పలక ముక్కను లోతైన గాజు పాత్రలో పెట్టి, స్టీరియో మైక్రోస్కోప్ కింద ఉంచి, లైటు తగ్గించి కదలకుండా కూర్చో. నీ చేతి నీడ పడితే చాలు, కిరీటం గొట్టంలోకి మాయమవుతుంది. ఈ పురుగుల నరాల తాడులో చాలా లావైన నాడీ తంతువులు ఉంటాయి, అందుకే అంత వేగం. లోపలికి పోవడం రెప్పపాటులో జరుగుతుంది కానీ బయటికి రావడానికి నిమిషాలు పడుతుంది. అక్కడే చాలామంది పిల్లలకు ఓపిక అయిపోతుంది. టేబుల్ మీద ఫోన్ పెట్టుకోకు, దాని వైబ్రేషన్ చాలు మళ్లీ మొదటికి రావడానికి.

కిరీటం విచ్చుకున్నాక ఒక్కో కిరణాన్నీ విడిగా గమనించు. దాన్ని రేడియోల్ అంటారు. దానికి రెండు వరుసల్లో సన్నని కొమ్మలు, అవి పిన్యూల్స్. ప్రతి పిన్యూల్ పక్కల మీదా పొడవాటి శైలికలు (మైక్రోస్కోప్‌లోనే కనిపించే సన్నని వెంట్రుకలు) కొట్టుకుంటూ నీటిని కిరీటం బయటి నుంచి లోపలికి లాగి, పైకి వదిలేస్తాయి. ఇలా నీటిలోంచి మేత పట్టడాన్నే వడపోత అంటారు. వడపోత అనగానే పాఠ్యపుస్తకాలు మనకు జల్లెడను తలపుకు తెస్తాయి. ఇక్కడ జల్లెడ లేదమ్మా. పిన్యూల్‌కూ పిన్యూల్‌కూ మధ్య ఖాళీ, పట్టుబడే ఆల్గా (సూక్ష్మమైన నాచు) కణం కంటే చాలా పెద్దది. మరి కణం నీటితో పాటు ఎందుకు జారిపోదు? ఆ ఖాళీకి రెండు వైపులా ఎదురెదురుగా ఉన్న శైలికలు కొట్టే ఊపు వాటి పక్క నుంచి పారే నీటి వేగం కంటే ఎక్కువ. కణాన్ని వెనక నుంచి అందుకుని, నీటి దారిలోంచి పక్కకు తోసి, పిన్యూల్ లోపలి ముఖం మీదికి చేరుస్తాయి. అక్కడి చిన్న శైలికలు దాన్ని పిన్యూల్ మొదలు దాకా, రేడియోల్ గాడిలోకి, అటు నుంచి నోటికి మోసుకుపోతాయి. డెన్మార్క్‌లో రీస్‌గార్డ్ బృందం సాబెల్లా అనే మరో గొట్టపు పురుగు మీద చేసిన పని చదివితే ఈ లెక్క బాగా తెలుస్తుంది. నువ్వు మాత్రం చదివే ముందు కంటితో చూడు.

అందుకు కార్మైన్ అనే ఎర్ర రంగు పొడి కావాలి. సముద్రపు నీటిలో మెత్తగా నూరి, పైన తేరిన పలచటి నీళ్లు డ్రాపర్‌లోకి తీసుకో. దాన్ని కిరీటం పై నుంచి వదలకు. నీరు బయటికి పోయేది పైకే కాబట్టి నువ్వు వేసిన రంగంతా కొట్టుకుపోతుంది, పురుగు తినడం లేదని రాసేస్తావు. పక్క నుంచి, కిరీటం అడుగు భాగం దగ్గర, ఒక్క చుక్క నెమ్మదిగా వదులు. ఎర్రటి చుక్కలు గాడిలో వరుస కట్టి నోటి వైపు పోవడం కనిపిస్తుంది. ఎక్కువ పోస్తే పురుగు విసుక్కుని మూత వేసుకుంటుంది. ఆ మూత కూడా ఒక రేడియోలే, రూపం మారి అలా అయింది. అది తెగిపోతే రెండో వైపున మొగ్గలా ఉన్నది పెరిగి కొత్త మూత అవుతుంది, నీ పలకల మీదే ఎక్కడో ఒకటి దొరక్కపోదు.

కింది నుంచి వెలుతురు వేస్తే రేడియోల్‌లోని రక్తం ఆకుపచ్చగా ఉంటుంది. క్లోరోక్రువోరిన్ అనే వర్ణకం అది, పలచగా ఉంటే ఆకుపచ్చ, చిక్కబడితే ఎరుపు. అక్కడి రక్తనాళం చివర మూసుకుపోయి ఉంటుంది, రక్తం వెళ్లిన దారినే వెనక్కి వస్తుంది. ఆ పోటు, ఆటు గమనించి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టు, ప్రాజెక్టులో మంచి టేబుల్ అవుతుంది.

తోలు లాంటి మెత్తని గొట్టం కట్టే సాబెల్లిడ్ (సాబెల్లా కుటుంబపు పురుగు) దొరికితే వదలకు. అది పట్టిన కణాలను పరిమాణం బట్టి వేరు చేస్తుంది. పెద్దవి పారేస్తుంది, సన్నవి తింటుంది, మధ్యస్థంగా ఉన్నవాటిని మెడ కింది సంచుల్లో దాచి, జిగురుతో కలిపి గొట్టం అంచుకు పూస్తుంది. 1930లో ఎడిత్ నికోల్ రాసిన విషయమిది. హైడ్రాయిడిస్ మాత్రం తన సున్నాన్ని తానే స్రవిస్తుంది. కీటోప్టెరస్ అనే ఇంకో గొట్టపు పురుగు జోలికి ఇప్పుడే పోకు. దానికి కిరీటమే ఉండదు, జిగురు సంచితో నీటిని వడకట్టి, సంచినే ముద్ద చుట్టి మింగేస్తుంది. చక్కటి జంతువే, కానీ అది వేరే ప్రాజెక్టు.

టైము మిగిలితే డింభకాలను (లార్వాలను) పెంచు. గొట్టం జాగ్రత్తగా పగలగొడితే పండిన పురుగు వెంటనే అండాలో శుక్రకణాలో వదులుతుంది. ఇరవై నాలుగు గంటలు తిరక్కుండానే ట్రోకోఫోర్లు అనే తొలి దశ డింభకాలు ఈదుతాయి. వాటికి ఐసోక్రైసిస్ అనే ఆల్గాను మేపితే అయిదు రోజులకు అతుక్కోవడానికి సిద్ధమవుతాయి. అప్పుడు ఆసిడ్‌తో కడిగిన తళతళలాడే స్లైడ్ ఇచ్చావనుకో, పట్టించుకోకుండా తిరుగుతూనే ఉంటాయి. స్లైడ్‌ను ముందుగా వారం పాటు సముద్రపు నీటిలో ఉంచి బాక్టీరియా పొర పట్టనివ్వు. హవాయిలో హాడ్‌ఫీల్డ్ బృందం ఏళ్ల తరబడి పని చేసింది ఈ సంగతి మీదే. ఆ పొరలోని కొన్ని బాక్టీరియాల నుంచి సంకేతం అందితేనే డింభకం పురుగుగా మారుతుంది. పెద్ద పురుగులకు మేత కావాలంటే భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో కీటోసెరాస్ అనే ఆల్గా కల్చర్ ఉంటుంది, మర్యాదగా అడిగితే సీసాడు పోస్తారు.

చివరికి ఫార్మలిన్‌లో వేసేటప్పుడు నేరుగా వెయ్యకు, ముడుచుకుంటాయి. మెగ్నీషియం క్లోరైడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో 7.5 శాతం కలిపి, ఆ ద్రావణాన్ని అంతే సముద్రపు నీటితో కలిపి అందులో ఉంచు, పురుగు మత్తులోకి పోతుంది. సూదితో తాకినా కిరీటం కదలనప్పుడు ఫిక్స్ చెయ్యి. ఈ రసాయనం స్టోర్‌లోకి రావడానికి టైము పడుతుంది, ఇండెంట్ ఈ వారమే పెట్టించు. జెట్టీ దగ్గర పలకలు కట్టడానికి అనుమతి లెటరు డిపార్ట్‌మెంట్ పేరు మీద తీసుకో, దాని కాపీ ఒకటి నీ బ్యాగులో ఎప్పుడూ ఉంచుకో. మొదటిసారి పలకలు దించేటప్పుడు కబురు చెయ్యి, నేనూ వస్తాను. తాడు ముడులు మీ తరం వాళ్లకు సరిగ్గా రావు.

ఇట్లు,
మీ మామయ్య