గ్రంథాలయ వారోత్సవాల డిబేట్‌కి మా అమ్మాయిని ఎలా తయారుచేయాలి?

తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి గ్రంథాలయ వారోత్సవాల్లో డిబేట్‌కి పేరిచ్చిందని, మంచి స్పీచ్ ఒకటి రాసిస్తే బట్టీ పట్టిస్తానని అడిగారు. స్పీచ్ మాత్రం రాసివ్వను. ఎందుకో చెప్తాను.

1996 నవంబరు. నేనూ అప్పుడు తొమ్మిదే. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే వారోత్సవాల్లో భాగంగా మా ఊరి శాఖా గ్రంథాలయంలో పోటీ పెట్టారు. విషయం ‘టీవీ వల్ల మేలా, కీడా’. నాది కీడు పక్షం. మా తెలుగు మాస్టారు రెండు ఠావుల స్పీచ్ రాసిచ్చారు. వారం రోజులు పొద్దున్నే డాబా మీద తిరుగుతూ వల్లె వేశాను. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేవాణ్ణి.

సభాధ్యక్షులకు, న్యాయనిర్ణేతలకు, పెద్దలకు, తోటి విద్యార్థినీ విద్యార్థులకు అంటూ మొదలుపెట్టాను. ఇచ్చిన మూడు నిమిషాల్లో ముప్పావు నిమిషం నమస్కారాలకే పోయింది. మిగతాది తడబడకుండా అప్పజెప్పి కూర్చున్నాను. తర్వాత మా వీధి అమ్మాయే లేచింది.

“టీవీ చూస్తే కళ్లు పోతాయన్నాడు ప్రత్యర్థి మిత్రుడు. మార్చిలో వరల్డ్ కప్ జరిగినన్నాళ్లూ మా ఇంట్లో టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నది ఈయనే. కళ్లు బాగానే ఉన్నాయండీ, ఇప్పుడు నన్నే చూస్తున్నాడు” అంది.

రీడింగ్ రూమ్‌లో పేపర్ చదువుకుంటున్న ముసలాయన కూడా పేపర్ దించి నవ్వాడు. జవాబు చెప్పడానికి నాకు ఒక నిమిషం ఇచ్చారు. నా దగ్గర ఉన్నదల్లా ఆ రెండు ఠావులే. మూడో పేరా మళ్లీ చదివేశాను.

చెప్పాల్సిన మాట ఇంటికి వెళ్లే దారిలో తట్టింది. “అవునండీ, చూశాను. ఆ నెలలో రాసిన లెక్కల పరీక్షలో నాకు ఎన్ని మార్కులొచ్చాయో కూడా అడగండి.” కీడు పక్షానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఎదుటివాళ్లు చేతికి అందించినా నేను అందుకోలేకపోయాను.

వక్తృత్వ పోటీ వేరు, డిబేట్ వేరు. మొదటిదానికి బట్టీ కొంత పనికొస్తుంది. రెండోదాంట్లో సగం పని వినడమే. నాలుగేళ్లుగా ఇలాంటి పోటీలకే జడ్జిగా కూర్చుంటున్నాను కాబట్టి చెప్తున్నాను, గొంతు బాగున్న పిల్లలు చాలామంది ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ తమ కాగితంలోకి చూసుకుంటూ ఉంటారు. అక్కడే ఓడిపోతారు.

ఒకసారి ‘ఓటు వయసు 16కి తగ్గించాలా’ అని ఇచ్చాం. వద్దు పక్షం కుర్రాడు మంచి ఊపు మీద ఉన్నాడు. “మన పెద్దలు మొదటినుంచీ 18 ఏళ్లని పెట్టారంటే ఊరికే పెట్టలేదు” అన్నాడు. అవతల వెనక బెంచీలో ఒక బక్కపల్చని పిల్ల ఏదో రాసుకుంది. తన వంతు రాగానే, “మొదటినుంచీ 18 కాదండీ, 21. 61వ సవరణ తర్వాత 1989 నుంచే 18 అయింది. అప్పుడు తగ్గించినప్పుడు దేశం మునిగిపోలేదు కదా, ఇప్పుడెందుకు మునుగుతుంది?” అంది. ఆస్ట్రియాలో 2007లోనే 16 చేశారని కూడా చెప్పింది గానీ, ఆ మాట లేకపోయినా మార్కులు పడేవి. గొంతు సన్నం, చేతులు వణుకుతున్నాయి. అయినా నేను ఆ అమ్మాయికే వేశాను.

కాబట్టి ఇంట్లో ఇలా చేయించండి. విషయం ముందే చెప్పి ఉంటే రెండు పక్షాలకీ పాయింట్లు రాయించండి, ముందు తనకి నచ్చని పక్షానికి. చాలాచోట్ల ఏ పక్షమో అప్పటికప్పుడు చీటీ తీసి చెప్తారు. ఆ చీటీ చూసి ఏడుపు మొహం పెట్టిన పిల్లల్ని చూశాను. పూర్తి వాక్యాలు రాయొద్దు. పోస్టుకార్డంత కాగితం మీద నాలుగు మాటలు చాలు. పెద్ద కాగితమైతే చేతి వణుకు హాలంతా కనిపిస్తుంది.

రాత్రి అన్నాలయ్యాక మీరు ఎదుటి పక్షం తీసుకోండి. మీరు చెప్పినదాంట్లో ఒక్క మాట పట్టుకుని, “మీరు ఇలా అన్నారు” అని మొదలుపెట్టి జవాబు చెప్పాలని నియమం పెట్టండి. మొదట్లో విసుక్కుంటుంది. తమ్ముడో చెల్లెలో ఉంటే అవధానంలో అప్రస్తుత ప్రసంగిలాగా మధ్యలో అడ్డం పడమనండి. మా ఇంట్లో ఈ పాత్ర మా చిన్నవాడిది, వాడికి ప్రత్యేకంగా నేర్పే పని లేకపోయింది.

నమస్కారం ఒక్క వాక్యంలో ముగించమనండి. సామెత ఒకటి చాలు. ‘అన్నారు పెద్దలు’ అని మూడుసార్లు వస్తే మా పక్కన కూర్చునే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు పెన్ను కింద పెట్టేస్తారు.

టెన్షన్ సంగతి అడిగారు. అది పోదు, నాకు ఇప్పటికీ మైకు ముందు నోరు ఎండుతుంది. పోటీ రోజు అరగంట ముందే వెళ్లి ఆ మైకు ముందు ఒకసారి నిలబడనివ్వండి. బెల్లు సంగతి కూడా అప్పుడే కనుక్కోండి. కొన్నిచోట్ల మొదటి బెల్లు అంటే ఇంకా అర నిమిషం ఉందని, కొన్నిచోట్ల ఆపేయమని.