నాన్న టర్నర్, కూతురు మెకానికల్ అంటోంది: ఏ బ్రాంచి, ఏ కాలేజీ?

చెన్నైలోని అంబత్తూరు నుంచి ఒక తల్లి రాశారు. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా అమ్మాయి ప్రభుత్వ బడిలో పదో తరగతి పాసైంది. 500కి 421. లెక్కల్లో 74, సైన్సులో 83. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేస్తానంటోంది. మావారు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో టర్నర్, ఇరవై ఏళ్లుగా ఇనుము తిప్పి చెక్కే లేత్ మిషన్ మీదే పని. 'నా చేతులకంటిన నలుపు చాలదా, దానికెందుకు? కంప్యూటర్ చదవమను' అంటారు. మొన్న ఒకాయన ఇంటికొచ్చి, ఏదో ప్రైవేటు కాలేజీలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ డిప్లొమా ఉందనీ, 5,000 కట్టి సీటు పట్టుకోమనీ చెప్పి వెళ్లాడు. సూళ్లూరుపేటలో ఉన్న మా ఆడపడుచేమో ఆంధ్రాలో పాలిటెక్నిక్ ఎంట్రన్స్, అదే పాలిసెట్ రాయించమంటోంది. రోజూ ఇంట్లో ఇదే గొడవ. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు ఆ 5,000 కట్టకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం.

తమిళనాడులో పాలిటెక్నిక్‌కు ఎంట్రన్స్ పరీక్ష లేదు. పదో తరగతి మార్కులు, రిజర్వేషన్ చూసి సీటిస్తారు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లకు ఫలితాలు రాగానే ఆన్‌లైన్‌లో దరఖాస్తులు మొదలవుతాయి. గిండీలో ఉన్న సాంకేతిక విద్యా డైరెక్టరేట్, అందరూ డోట్ అంటారే, అదే ఇదంతా చూస్తుంది. ప్రభుత్వ కాలేజీలో ఫీజు ఏడాదికి కొద్ది వేలు దాటదు. ప్రైవేటు పాలిటెక్నిక్‌లలో చాలావాటికి సీట్లు నిండవు, అందుకే మనుషుల్ని ఇళ్ల మీదికి పంపుతారు. వచ్చినాయనకు తలకింతని కమీషన్ ఉంటుంది. 421 వచ్చిన పిల్ల కోసం కాలేజీలు తొందరపడాలి గానీ మీరెందుకు తొందరపడటం?

ఈ విషయంలో నేనే ఒకసారి దెబ్బ తిన్నాను. మా అక్క కొడుక్కి ఇలాగే అడ్వాన్సు కట్టి, వాళ్లడిగారని ఒరిజినల్ మార్కుల జాబితా, టీసీ కూడా ఇచ్చేశాం. నెల తిరక్కుండా ప్రభుత్వ కాలేజీలో సీటొచ్చింది. కాగితాలడిగితే మూడేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లమన్నారు. నాలుగుసార్లు తిరిగాం. చివరికి సాంకేతిక కాలేజీలకు గుర్తింపు ఇచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈకి రాస్తామంటే ఇచ్చారు, అప్పటికి చేరే గడువు దాటిపోయింది. పిల్లల ఒరిజినల్స్ కాలేజీ అట్టిపెట్టుకోకూడదని ఏఐసీటీఈ నిబంధనే ఉంది. ఊరందరికీ సలహాలు చెప్పే నాకు ఆ రోజు అది తెలియదు. ఎవరడిగినా చూపించి, జిరాక్సు ఇచ్చి, ఒరిజినల్ వెనక్కి తెచ్చుకోండి.

మీ ఆడపడుచు మంచికే చెప్పారు. కానీ ఆంధ్రాలో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత అంటే మన సొంతూరు ఏదని కాదు, పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు పిల్ల ఎక్కడ చదివిందని చూస్తారు. మీ అమ్మాయి ఆ నాలుగేళ్లూ అంబత్తూరులోనే ఉంది. మిగిలిన ఆ కాసిని సీట్ల కోసం పదిహేనేళ్ల పిల్లను హాస్టల్లో పెట్టి, ఇక్కడ ప్రభుత్వం ఇచ్చేది వదులుకోవడం నాకైతే లాభసాటిగా కనిపించడం లేదు.

ఇక అసలు గొడవ, మీవారి మాట. దాన్ని కొట్టిపారేయకండి. ఇరవై ఏళ్లు నిలబడి పనిచేసిన మనిషికి ఆ పని ఖరీదు తెలుసు. అయితే ఆయన చేసేదీ డిప్లొమా చదివినవాళ్లు చేసేదీ ఒకటి కాదు. వాళ్ల షాపులోనే చూడమనండి. ఆయన తీసిన షాఫ్ట్‌ను మైక్రోమీటర్‌తో పట్టుకుని చూసి, "అన్నా, ఇది రిజెక్టు" అని పక్కన పెట్టే క్వాలిటీ కుర్రాడు ఏం చదివాడో, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్‌కు ప్రోగ్రాం రాసేది ఎవరో, మిషన్ ఆగితే పిలిచే మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ ఏం పాసయ్యాడో అడగమనండి. వాళ్లలో డిప్లొమావాళ్లు తప్పకుండా కనిపిస్తారు. ఆ క్వాలిటీ కుర్రాణ్ణి ఆయన ఎన్నిసార్లు తిట్టుకుని ఉంటారో! ఆ కుర్చీలో కూతుర్ని కూర్చోబెట్టి ఒకసారి ఊహించుకోమనండి.

మొదటి ఏడాది చేతులకు నలుపు అంటుతుంది, అది దాచి చెప్పను. ఫిట్టింగ్ షాపులో ఒక ఇనుప ముక్క ఇచ్చి ఆకురాయితో చదును చేయమంటారు. చేశాక ట్రై స్క్వేర్ అనే మూలమట్టం ఆనించి కిటికీకేసి పట్టుకుంటే, మధ్యలో సన్నగా వెలుతురు గీత కనిపిస్తుంది. మళ్లీ వైస్‌లో బిగించి ఆకురాయి పట్టాలి. కొంచెం ఎక్కువ పడితే గీత ఈ చివర పోయి ఆ చివర తేలుతుంది. అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఇంత జరిగాక కూడా "ఇంకోసారి చూస్తాను సార్" అనే పిల్లలకు మెకానికల్ వంటబడుతుంది. మీ అమ్మాయి ఆ రకమో కాదో నాకు ఇక్కడి నుంచి తెలియదు, వాళ్ల నాన్నకు తెలుస్తుంది. యజమానినడిగి ఒక పూట షాపుకు తీసుకెళ్లమనండి. మిషన్ ముట్టుకోనక్కర్లేదు, పక్కన నిలబడి చూస్తే చాలు. చున్నీ వద్దు, జడ ముడేసుకుని వెళ్లాలి. కాలేజీ వర్క్‌షాపులో కూడా అదే రూలు.

కంప్యూటర్ చెడ్డ బ్రాంచి అనడం లేదు. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఎక్కువ వాటికి డిగ్రీ అడుగుతారు, డిప్లొమాతో ఆగిపోదామంటే తలుపులు తక్కువ. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని కొత్త పేరు పెట్టిన డిప్లొమా మీద నాకు ఇంకో అనుమానం. ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్లలో విద్యార్హత దగ్గర బ్రాంచి పేరు రాసి ఉంటుంది. కేంద్రంలో స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే జూనియర్ ఇంజనీర్ పరీక్షనే చూడండి, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకే. పెరంబూరులో కోచ్ ఫ్యాక్టరీ, ఆవడిలో ట్యాంకుల ఫ్యాక్టరీ పక్కన పెట్టుకుని పాత బ్రాంచిని చిన్నచూపు చూడటం ఎందుకు? నన్నడిగితే పేరు పాతదైనా పునాది వెడల్పుగా ఉన్న బ్రాంచే మేలు. మెకానికల్ మీద మీ ఇంట్లో అసలు ఒప్పందం కుదరకపోతే మధ్యే మార్గంగా ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ చూడండి. చేతి పనీ ఉంటుంది, ఆ జూనియర్ ఇంజనీర్ పరీక్షకూ అర్హత ఉంటుంది.

ప్లేస్‌మెంట్ పోస్టర్ల గురించి ఒక్క ప్రశ్న నేర్పుతాను. "పోయినేడు మీ పిల్లలు ఏ కంపెనీలో చేరారు" అని అందరూ అడుగుతారు. మీరు "ఏ హోదాలో చేరారు" అని అడగండి. శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపు ఫ్యాక్టరీల్లో అమ్మాయిలకు పని దొరకడం కష్టం కాదు. కానీ లైన్ మీద ఆపరేటర్‌గా చేరితే మూడేళ్ల చదువుకు విలువ లేనట్టే. టెక్నీషియనా, డిప్లొమా ఇంజనీర్ ట్రైనీనా, ఆపరేటరా? ఈ మూడు మాటల్లో ఏది చెబుతారో, ఎంతసేపు నీళ్లు నములుతారో గమనించండి.

కాలేజీ చూడటానికి మాత్రం మీవారినే పంపండి. ఈ పనిలో ఆయన ముందు నేనెంత? రిసెప్షన్‌లో కూర్చోబెట్టి రంగుల బ్రోషర్ చేతిలో పెడతారు. అది మడిచి జేబులో పెట్టుకుని వర్క్‌షాప్ చూపించమనాలి. లేత్ కింద ట్రేలో ఇనుప రజను ఉందా? మిషన్‌ను చల్లబరిచే కూలెంట్ వాసన వస్తోందా? ముక్కను బిగించే చక్ తాళం చెవి అరిగి మెరుస్తోందా, తుప్పు పట్టిందా? నేను వెళ్లిన ఒక కాలేజీలో లేత్‌లు వరుసగా ఎనిమిది. ఒక్కోదాని మీద పాలిథీన్ కవరు, కవరు మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. ట్రేలు కడిగి బోర్లించిన కంచాల్లా ఉన్నాయి. లెక్కకు మిషన్లన్నీ ఉన్నట్టే, తనిఖీవాళ్లొస్తే ఆ రోజుకు కవర్లు తీస్తారు. తర్వాత గేటు బయట టీ కొట్టు దగ్గర ఫైనలియర్ పిల్లలుంటారు, వాళ్లను "ఈ సెమిస్టర్‌లో వర్క్‌షాప్ ఎన్నిసార్లు జరిగింది" అని అడిగితే పది నిమిషాల్లో కథ తేలిపోతుంది.

మీకు దగ్గర్లో అయితే ఆవడి వైపు మురుగప్ప పాలిటెక్నిక్ ఉంది, ఎయిడెడ్ కాలేజీ. ఎయిడెడ్ కాలేజీల్లో ప్రభుత్వ సాయం ఉన్న సెక్షన్లు, లేని సెక్షన్లు పక్కపక్కనే ఉండొచ్చు, ఫీజు చాలా తేడా వస్తుంది. మీకిస్తున్న సీటు ఏ సెక్షన్‌దో రసీదు రాయకముందే అడగండి. ప్రభుత్వానిదంటే తరమణి. సెంట్రల్ పాలిటెక్నిక్ అక్కడే. అదే ఆవరణలో మహిళల కోసం డాక్టర్ ధర్మాంబాళ్ ప్రభుత్వ పాలిటెక్నిక్, ఇంకా ప్రింటింగ్, కెమికల్, టెక్స్‌టైల్ టెక్నాలజీ సంస్థలు ఉన్నాయి. ఆడపిల్ల కదా అని కళ్లు మూసుకుని మహిళా కాలేజీ పెట్టేయకండి, ఆమె అడిగిన బ్రాంచి అక్కడ ఉందో లేదో ముందు చూడండి. అంబత్తూరు నుంచి లోకల్ ట్రైన్‌లో సెంట్రల్, అక్కడ దిగి నడిచి పార్క్ టౌన్‌లో వేళచ్చేరి బండి ఎక్కితే తరమణి స్టేషన్. పోనూ గంటన్నర, రానూ గంటన్నర వేసుకోండి. మూడేళ్లు రోజూ వెళ్లాలి కాబట్టి దరఖాస్తుకు ముందే, పనిదినం పొద్దున రద్దీలో అమ్మాయితో ఒకసారి వెళ్లి రండి.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. ఏఐసీటీఈ అమ్మాయిలకు ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి. ఎంపిక ఉంటుంది, అడిగినవాళ్లందరికీ రాదు, కానీ డిప్లొమా మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. తమిళనాడు ప్రభుత్వం 2022లో తెచ్చిన పుదుమై పెణ్ పథకంలో, ఆరో తరగతి నుంచి ప్రభుత్వ బడిలో చదివి పై చదువుకు వెళ్లే అమ్మాయిలకు నెలకు 1,000 రూపాయలు. బడి మారినప్పుడు మధ్యలో ప్రైవేటులో చదివిందేమో ఒకసారి చూసుకోండి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. అమ్మాయి డిప్లొమాతో ఉద్యోగానికి వెళ్తుందా, బీఈ చేయాలని మనసులో ఉందా? ఉద్యోగానికైతే పాలిటెక్నిక్ తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్ దారి ఉంది. దాన్ని చూసే దక్షిణాది బోర్డు ఆఫీసు కూడా తరమణిలోనే. 2019లో సవరించిన నిబంధనల్లో డిప్లొమావాళ్లకు నెలకు కనీసం 8,000 స్టైపెండ్ అని పెట్టారు. డిప్లొమా మీదుగా బీఈ రెండో ఏడాదిలో చేరాలన్నా వీలుంది. ఆంధ్రాలో ఈసెట్, కర్ణాటకలో డీసెట్ రాయాలి, తమిళనాడులో డిప్లొమా మార్కులతోనే కౌన్సెలింగ్. కాకపోతే ప్లస్ టూ, అంటే ఇంటర్, నుంచి వచ్చిన పిల్లల పక్కన కూర్చున్నప్పుడు లెక్కల్లో వెనకబడతారు. 74 మార్కుల పిల్ల ఈ మూడేళ్లూ లెక్కలు వదలకూడదు.

బీఈయే గమ్యమైతే మాత్రం దరఖాస్తుకు ముందు ఇది కూడా ఆలోచించండి. తమిళనాడులో 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇంజనీరింగ్ సీట్లలో 7.5 శాతం ప్రభుత్వ బడి పిల్లలకు, ఆ ఫీజు కూడా ప్రభుత్వమే కడుతుంది. దానికి ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలోనే చదివి ఉండాలి. పదితో బయటికొస్తే ఆ తలుపు మూసుకున్నట్టే. అందుకని అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి, నాన్న లేనప్పుడు అడగండి. "ఇంజనీరింగ్ చేయాలి" అంటే ఉన్న బడిలోనే ప్లస్ వన్ మ్యాథ్స్ గ్రూపు మంచిది. "మిషన్ల మీద పని నేర్చుకుని త్వరగా ఉద్యోగం చేయాలి" అంటే డిప్లొమాయే. తేలేదాకా బడి నుంచి టీసీ తెచ్చుకోకండి.

కాగితాల్లో ఒకటే చిక్కు. ఆంధ్రాలో ఇచ్చిన కుల ధ్రువపత్రం ఇక్కడ రిజర్వేషన్‌కు పనికిరాదు, తమిళనాడు రెవెన్యూ అధికారులు ఇచ్చినది కావాలి. అక్కడ బీసీలో ఉన్న కులం ఇక్కడి జాబితాలో లేకపోతే ఓసీగానే లెక్కేస్తారు.

డిప్లొమా అనే తేలితే నా వరుస ఇది: సెంట్రల్ పాలిటెక్నిక్‌లో మెకానికల్, అక్కడే ఎలక్ట్రికల్, ఆ తర్వాత ఇంటి దగ్గరి ఎయిడెడ్ కాలేజీలో సాయం ఉన్న సెక్షన్‌లో ఇవే రెండూ. మీవారు ట్రేలు చూసొచ్చి ఈ వరుస తిరగేస్తే నాకేమీ అభ్యంతరం లేదు.